ఎడమ కంటికి సరిపోయే స్కోప్

మా ఆయన కుడి కన్ను తీసేశాక ఫోన్ చేసిన వాళ్లంతా ఒకే మాట అన్నారు, ప్రాణం దక్కింది కదా అదే పదివేలు అని. మొదట్లో ఊ కొట్టేదాన్ని. పోనుపోను ఆ మాట వింటే ఒళ్లు మండేది. దక్కిన ప్రాణం పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటే దాన్ని ఏం చేసుకోవాలో వాళ్లలో ఒక్కరూ చెప్పలేదు. మా పెద్దాడపడుచు అయితే "ఒక్క కన్నే కదనే పోయింది" అంది. ఆ రోజు ఫోన్ పెట్టేశాక మళ్లీ చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదు.

అది రెండో వేవ్ తర్వాతి వానాకాలం. కోవిడ్ తగ్గి ఇంటికొచ్చామని ఊపిరి పీల్చుకున్న వాళ్లను బ్లాక్ ఫంగస్ పట్టుకుంటున్న రోజులు. ఆయనకు షుగరు ఎప్పటినుంచో ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్లకు చెంప మొద్దుబారిందన్నాడు, పంటి నొప్పి అనుకున్నాం. కన్ను ఉబ్బింది, కండ్లకలక అనుకున్నాం. పెద్దాసుపత్రిలో చూపించేసరికి కన్ను తీస్తేనే మనిషి మిగులుతాడన్నారు. ఆ వార్డులో తన పక్క మంచాలు ఖాళీ కావడం, నిండటం, మళ్లీ ఖాళీ కావడం ఆయన మిగిలిన ఒక్క కంటితో చూశాడు. ఇంటికి వచ్చాక నాకు ఒకటే చెప్పాడు.

"నన్ను మల్ల దవఖానకు తీస్కపోకు. సస్తే ఈడనే సస్త."

షుగరు ఉంది కాబట్టి ఎడమ కన్ను చూపిస్తూ ఉండండని డాక్టర్లు మరీ మరీ చెప్పి పంపారు. నేను గుర్తు చేసినప్పుడల్లా "మంచిగనే కనబడ్తున్నది పో" అనేవాడు. గట్టిగా అడిగితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. తినకపోతే షుగరు పడిపోతుందని భయం. నోరు మూసుకునేదాన్ని.

ఆయన పనేమిటో చెప్పాలి. మా మామగారు వాళ్లు సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాళ్లు. ఈయన కూడా కుర్రతనంలో సాంచాలే నడిపాడు. ఆయన చూపు చూసి సేఠ్ చెకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పల్సానా దగ్గర యూనిట్. కింద ట్యూబ్‌లైట్లు, పైన గాజు పలక. మగ్గం దిగిన ముడిగుడ్డను దాని మీదుగా లాగుతూ పోవాలి. పోగు ఎక్కడ తప్పిందో, నూనె చుక్క ఎక్కడ పడిందో చూసి గుర్తు పెట్టాలి. మరకను వాళ్లు దాగ్ అంటారు. ఆయన దాగ్ అన్నాడంటే సేఠ్ కూడా మళ్లీ చూడడు. ఆ తాకా, అంటే ఆ గుడ్డ తాను మొత్తం, పక్కకు పోవాల్సిందే.

ఆ చూపును ఆయన యూనిట్‌లో వదిలి వచ్చేవాడా అంటే, లేదు. పెళ్లిళ్లకు వెళితే ఎవరో ముచ్చటపడి కట్టుకున్న కొత్త చీరలో తప్పిన పోగు చూపించి వాళ్ల మొహం మాడ్చేవాడు. మా బంధువుల్లో ఆడవాళ్లు ఆయన్ను చూసి కొంగు సర్దుకునేది సిగ్గుతో కాదు, ఆ భయంతో. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో పంతులమ్మను. పిల్లల తప్పులు దిద్దడమే నా బతుకుతెరువు. అయినా ఇంట్లో తప్పు పట్టడంలో నేను ఆయన ముందు ఎన్నడూ గెలవలేదు. నాకేమీ కనబడని చోట ఆయన వేలు పెడితే, కాసేపటికి నాకూ అక్కడేదో కనబడేది. లేదంటే కనబడిందనేదాన్ని.

ఆయనకున్న ఒకే ఒక్క సోకు ఎయిర్ రైఫిల్. స్ప్రింగు బిగిస్తే గాలితో చిన్న సీసం గుళ్లు కొట్టే తుపాకీ, లైసెన్సు అక్కర్లేని రకం. పెళ్లయిన కొత్తలో సముద్రం చూపిస్తానని నన్ను డుమస్ తీసుకెళ్లి, బుడగలు కొట్టే బండి దగ్గర నిలబడి, వరసగా అన్నీ పేల్చాడు. బండివాడు చేతులెత్తి దండం పెట్టాడు, ఇక పోయిరా బాబూ అని. సముద్రం వైపు ఈయన చూడనే లేదు. తర్వాత సొంతానికి ఒకటి కొనుక్కున్నాడు. మా డాబా మీద ఒక చివర గుడ్డపీలికల సంచులు పేర్చి, వాటి ముందు దారం అయిపోయిన అట్ట కోన్లు నిలబెట్టి ఆదివారాలు కొట్టేవాడు. పిట్ట వైపు ఎన్నడూ ఎత్తలేదు, అదొక్కటి ఒప్పుకోవాలి. మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఆగిపోయి, పుట్టిన దగ్గర్నుంచి ఆ రొదలోనే పెరిగిన పిల్లలు నిద్ర పట్టక ఏడుస్తుంటే, మా వీధిలో మిగిలిన చప్పుడు అదొక్కటే.

కన్ను పోయాక తుపాకీని మంచం కిందకు తోసేశాడు. నేనూ దాని ఊసెత్తలేదు.

దీపావళి ముందర సేఠ్ ఫోన్ చేశాడు. మంచివాడే. ఒక్క కన్ను చాలు, నీ ఒక్క కన్ను మా అందరి కళ్ల కన్నా మేలు, బల్ల ఖాళీగా ఉంది, వచ్చెయ్ అన్నాడు. నేను స్పీకర్‌లో విన్నాను. ఏడుపొచ్చింది. ఈయన మాత్రం "సోచ్‌కే బోల్తా సేఠ్" అని పెట్టేశాడు. ఆలోచించడానికి ఏముందని నేను అడిగితే, మంచం కింద నుంచి తుపాకీ లాగాడు.

"ఎడమ కన్నుతోని కోన్ మూతి కొడ్తనా, పోత. కొట్టకుంటే పోను."

"బల్లకూ కోన్‌కూ ఏం సంబంధమయ్యా?"

"బల్ల కాడ తప్పు జేస్తే తాకా వాపస్ వస్తది. అందరి ముంగట తలకాయ దించుకోవాలె. ఈడ తప్పితే నీకు నాకే ఎర్క."

అదీ పందెం. నాకు అర్థమైంది. ఆ బల్ల దగ్గరకు తిరిగి వెళితే ఆయన మనిషవుతాడు. వెళ్లకపోతే గోడవైపే. నాకు ఇక వేరే ఆలోచన లేదు, ఆయన ఆ అట్ట కోన్‌ను కొట్టి తీరాలి.

కొట్టలేకపోయాడు. జీవితమంతా కుడి భుజానికి ఆనించిన తుపాకీని ఎడమ భుజానికి మార్చుకోవడమే పెద్ద తంటా. చెంప ఆనదు, వేలు కుదరదు. అది అలవాటైంది. కానీ నాళం చివరి ముల్లు, దగ్గరున్న గాడి, దూరంగా ఉన్న కోన్, ఈ మూడూ ఒక వరసలోకి రావాలి. నలభై దాటిన కంటికి ఒకటి తేటగా ఉంటే రెండోది చెదురుతుంది. గుళ్లు సంచుల్లోకి పోయాయి, ఒకటి పక్కింటి నీళ్ల ట్యాంకుకు తగిలింది. పక్కింటావిడ గుజరాతీలో దులిపేసింది. ఈయన తుపాకీని చంకలో పెట్టుకుని కిందకు దిగాడు. నేరుగా వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తుపాకీ కొన్న దుకాణం చౌక్ వైపు సందులో ఉంది. ముసలాయన, అందరూ కాకా అంటారు. నేనే వెళ్లాను. మాస్కు ముక్కు కిందకు జార్చుకుని అంతా విని, కాకా నన్ను బెన్, అంటే చెల్లెమ్మా, అని పిలుస్తూ తన గుజరాతీలో చెప్పింది ఇది:

"బెన్, ఆ వయసు కంటికి ముల్లూ గాడీ పనికిరావు. స్కోప్ పెట్టించు. అందులో గురీ గుర్తూ ఒకే చోట కనబడతాయి. ఒక్క కన్ను చాలు."

ఒక్క కన్ను చాలు అన్న మాట నాకు కావలసిన మాట. స్కోప్ అంటే తుపాకీ మీద బిగించే దుర్భిణి అని అప్పటిదాకా తెలిసింది అంతే. ఇంటికొస్తూనే వెతకడం మొదలుపెట్టాను. అప్పుడు మా బడి ఇంకా సగం ఫోన్లోనే నడుస్తోంది. పిల్లలు గుణింతాలు రాసి ఫొటోలు పంపుతారు, నేను దిద్ది పంపాలి. ఆ ఫొటోల మధ్య స్కోప్‌ల ఫొటోలు చేరాయి. ఎవరో మంచు కురిసే దేశపాయన గంటసేపు ఇంగ్లీషులో చెబుతుంటే సగం అర్థమయ్యేది, మిగతా సగం ఊహించుకునేదాన్ని. ఫోర్ బై థర్టీటూ అంటే నాలుగు రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందరి అద్దం వెడల్పు ముప్పై రెండు మిల్లీమీటర్లు. కొద్ది రోజుల్లో ఇలాంటివన్నీ నోటికొచ్చాయి. తరగతిలో ఇంత బాగా ఎన్నడూ చదువుకోలేదు. అన్నం తింటూ ఆయనకు చెప్పేదాన్ని. ఆయన వినేవాడు. ఆపరేషన్ తర్వాత ఆయన గోడవైపు కాకుండా నా వైపు తిరిగింది ఆ కబుర్లకే. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. మా ఇంట్లో మళ్లీ ఏదో ఒకటి ముందుకు కదులుతోంది అనిపించేది.

మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఉన్న వాటిలో చవక, బొమ్మలో మాత్రం దర్జాగా ఉంది. వచ్చాక చూస్తే దాని కొక్కేలు మా తుపాకీ మీది సన్న గాడికి పట్టలేదు, వెడల్పు గాడికి చేసినవి. కాకా దగ్గరకు పరిగెత్తి వేరే కొక్కేలు తెచ్చి బిగించాం. ఆయన కన్ను ఆనించి, చాలాసేపు చూసి, తల ఎత్తాడు.

"దాగ్ ఉన్నదే అద్దంల. కింది దిక్కు."

నేను చూశాను. నాకు దాగ్ కనబడలేదు కానీ కోన్ మొత్తం మసకగా, వెన్న రాసిన అద్దంలోంచి చూసినట్టు ఉంది. అవునయ్యా, ఇది పనికిమాలిన సరుకే అన్నాను. కాకా కూడా అదే అన్నాడు. ఇవి వంద మీటర్ల దూరానికి చేసిన అద్దాలు బెన్, మీ డాబాకు కాదు, ముందరి రింగు తిప్పి దగ్గరి దూరానికి సరిచేసుకునే రకం కావాలి అన్నాడు. చూశారా, ఆయన పట్టిన తప్పు తప్పే. వాపస్ పంపేశాను. మా వాళ్లకు సరుకు వాపస్ పంపడం కొత్తేమీ కాదు. సూరత్‌లో గుడ్డ ఎంత పోతుందో అంత తిరిగొస్తుంది.

రెండోది రింగు ఉన్నదే, ఎవరో వాడి అమ్మేసింది. నేను చూస్తే కోన్ మీది అచ్చు అక్షరాలు కూడా చదవగలిగాను. సంబరంగా ఆయన చేతికిచ్చాను.

"దీంట్ల గూడ ఉన్నది."

"ఏడున్నదయ్యా? నాకు మంచిగ కనబడ్తున్నది."

"నీకు దాగ్ ఎప్పుడు కనబడ్డదే?"

ఇరవై ఏళ్ల కాపురంలో నాకు ఏ దాగ్ ముందుగా కనబడింది కనుక? కొట్టి చూడమన్నాను. కొన్ని గుళ్లు కొట్టాడు, ఒకటీ తగల్లేదు. ఇంతలో లోపలి అడ్డగీత, నిలువుగీత కలిసే ప్లస్ గుర్తు పక్కకు ఒరిగిపోయింది. ఆ ఒరగడం నాకూ కనబడింది. కాకా దగ్గరకు పట్టుకెళితే ఆయన నవ్వాడు. పెద్ద తుపాకీ వెనక్కే తంతుంది, నీ స్ప్రింగు తుపాకీ వెనక్కీ తంతుంది ముందుకూ తంతుంది, అది తట్టుకునేలా చేసిన స్కోప్ వేరే ఉంటుంది బెన్ అన్నాడు. ఇంటికొచ్చి చెబితే ఈయన "నేను జెప్పలేదా, ఖరాబ్ మాలని" అన్నాడు. మళ్లీ ఆయనే గెలిచాడు. నాకు కోపం రాలేదు. తప్పు స్కోప్‌లో ఉన్నంతకాలం నాకు దిగులు లేదు.

దిగులు పడవలసినవి కళ్ల ముందే జరుగుతున్నాయి, నేను వాటికి పేరు పెట్టి పక్కన పెట్టేశాను. టీ కప్పులో కాక పక్కన పోసేవాడు. ఒంటి కంటికి దూరం తెలియదు కదా అనుకున్నాను. గడప దగ్గర తడబడేవాడు, అదీ ఒంటి కన్నే. ఫోన్‌లో వార్తలు చదవడం మానేశాడు, విసుగేమో అనుకున్నాను. కూరలో వెంట్రుక వచ్చినా ఏమీ అనకుండా తిన్నాడు ఒకరోజు. ఆ మనిషి! నేను దాన్ని మంచితనం అనుకుని మురిసిపోయాను.

ఈలోగా సేఠ్ మళ్లీ ఫోన్ చేశాడు. బల్ల దగ్గర తాత్కాలికంగా వేరే మనిషిని కూర్చోబెట్టాననీ, హోళీ దాకా చూస్తాననీ, ఆ తర్వాత తన చేతుల్లో లేదనీ చెప్పాడు. మూడో వేవ్ వచ్చి, ఎవరికీ పెద్దగా ఏమీ కాకుండానే పోయింది. మా వీధిలో సాంచాలు మళ్లీ పూర్తిగా మోగుతున్నాయి. అందరూ తమ తమ చోట్లకు వెళ్లిపోయారు, మేమిద్దరం తప్ప.

మూడో స్కోప్ కాకా తన అద్దాల బీరువాలోంచి తీసి ఇచ్చాడు. మాలాంటి తుపాకీ కోసమే చేసింది, రెండు వైపుల తన్నునూ తట్టుకుంటుంది, రింగు ఉంది. మా స్తోమతకు కాస్త ఎక్కువే, అయినా మొండికేసి తెచ్చాను. తనే బిగించి, గురి సరిచేసి, దుకాణం వెనక గోడకు కాగితం అంటించి కొట్టి చూపించాడు. చుక్క మీద చుక్క పడింది. ఇక దీనికి వంక పెట్టడం ఎవరి తరమూ కాదనుకుంటూ ఇంటికి తెచ్చాను.

ఆయన కన్ను ఆనించాడు.

"దాగ్ ఉన్నదే."

"ఏడ?"

"గాడనే. కింది దిక్కు. జర పెద్దగున్నది దీంట్ల."

నాకు తిక్క రేగింది. తుపాకీతో సహా గుడ్డలో చుట్టి ఆటో ఎక్కి కాకా దగ్గరకు పోయాను. సరుకు అంటగట్టావు, దాగ్ ఉందట అని ఆ పెద్దమనిషిని నలుగురిలో అనేశాను. ఆయన తుపాకీ అందుకున్నాడు. మెత్తటి గుడ్డతో అద్దాలు రెండూ తుడిచాడు. వెలుతురు వైపు పెట్టి చూశాడు. నన్ను చూడమన్నాడు. ఏమీ లేదు, కడిగిన ఆకాశంలా ఉంది. అప్పుడు మాస్కు సరిచేసుకుని, చిన్న గొంతుతో అన్నాడు.

"బెన్, మరలు సడలించి స్కోప్‌ను మెల్లగా తిప్పమను. మరక అద్దంలో ఉంటే అద్దంతో పాటు తిరుగుతుంది. తిరగకపోతే..."

మిగతాది చెప్పలేదు. వేరే ఎవరో గుళ్ల డబ్బా అడుగుతుంటే అటు తిరిగాడు. నేను ఆటోలో వస్తూ వేరే సంగతులు ఆలోచించడానికి ప్రయత్నించాను. పరీక్షల పేపర్లు, గ్యాసు బండ, ఏవేవో. ఒక్కటీ నిలవలేదు.

మధ్యాహ్నం ఎండ. డాబా మీద ఆయన సంచుల మీద కూర్చుని ఉన్నాడు. తుపాకీ చేతికిచ్చి, మరలు సడలించి, తిప్పి చూడమన్నాను. ఆయన తుపాకీ తీసుకున్నాడు, కన్ను మాత్రం ఆనించలేదు. ఒళ్లో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"తిప్పుడు అవసరం లేదే."

"తిప్పు."

"మా బల్ల కాడ ఫస్టు నేర్పేదే గది. నల్లగ ఏమన్న కనబడితే తాకా గుంజాలె. గుడ్డతోని జరిగితే గుడ్డల దాగ్. జరగకుంటే గుడ్డది గాదు, గాజు పలకది." స్కోప్ మీద వేలు ఆనించాడు. "నువ్వు తెచ్చిన మొదటి దాన్నే తిప్పి చూసిన. జరగలే."

నేను ఏం అరిచానో నాకు సరిగ్గా గుర్తు లేదు. పక్కింటావిడ డాబా మీదకు వచ్చి చూసి వెళ్లిపోయిందని మాత్రం గుర్తు. అన్ని నెలలు! దీపావళి నుంచి! నేను కొక్కేల కోసం, రింగుల కోసం ఊరంతా తిరుగుతుంటే ఈ మనిషి కంట్లో మరక పెట్టుకుని, అది పెద్దదవుతుంటే, అద్దాలకు వంక పెడుతూ కూర్చున్నాడు. ముసలాయన్ని దొంగను చేసి వచ్చాను. తుపాకీ లాక్కుని సంచుల మీదకు విసిరాను. ఆయన తల దించుకుని అంతా విన్నాడు. ఆ తర్వాత నేను చొక్కా తెచ్చి ఇస్తే వేసుకున్నాడు. దవఖానకు రానని ఈసారి అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆల్థాన్‌లో కంటి డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. చుక్కలు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, చాలాసేపు చూసింది. షుగరు వల్ల కంటి వెనక పొరలో రక్తం కారుతోందని చెప్పింది. ఎన్నాళ్లుగా మచ్చ కనబడుతోందని అడిగింది. ఈయన నా వైపు చూశాడు. చలికాలం ముందు నుంచీ అని నేనే చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"అప్పుడే వచ్చి ఉంటే ఉన్న చూపును నిలబెట్టే అవకాశం బాగానే ఉండేది. ఇప్పుడు ఇంజక్షన్లు ఇద్దాం, లేజర్ చేద్దాం. మనుషులను గుర్తుపట్టేంత, ఇంట్లో తిరిగేంత మిగిలితే మంచిదే."

గుడ్డ చెకింగ్ పని అని అడిగాను. నాకు జవాబు తెలుసు, అయినా అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. జాలిగానే ఊపింది. ఆ జాలి చూస్తే ఆవిడ బల్ల మీది సామాన్లన్నీ తోసెయ్యాలనిపించింది.

బయట రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడ్డాం. ఆయన కంటికి నల్లద్దాలు పెట్టారు. నా మోచెయ్యి పట్టుకున్నాడు. పెళ్లినాడు కూడా నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడానికి మొహమాటపడ్డ మనిషి. ఎండ పడి రోడ్డంతా మెరుస్తోంది. అది ఆయనకు ఎంత కనబడుతోందో అడగడానికి ధైర్యం చాలలేదు. కోపం పోలేదు, కానీ దాన్ని నిలబెట్టుకునే ఓపిక పోయింది.

"మొదటి దానికే ఎర్కయితే మల్ల రెండోది ఎందుకు తెప్పిచ్చినవయ్యా? మూడోది ఎందుకు? నాకొక్క మాట జెప్తే ఏం బోయింది?"

ఆటోలు ఆగకుండా పోతున్నాయి.

"జెప్తే దవఖాన. దవఖానల ఏమంటరో నాకెర్కనే. ఆ వార్డుల అందరికి అదే అన్నరు, అయిపోయింది అని. ఫోన్ల గదే, అయిపోయింది ఇగ దేవునికి దండం పెట్టుకో అని. నువ్వొక్కదానివే, రోజు అన్నం తినేటప్పుడు, గిది గాకుంటె ఇంకోటి చూద్దాం అంటుంటివి." నా మోచేతి మీద ఆయన పట్టు కాస్త బిగిసింది. "గా మాట ఇనబుద్ధయిందే. ఇంకోసారి ఇందాం, ఇంకోసారి ఇందాం అని ఊకున్న."

ఒక ఆటో వచ్చి మా ముందు ఆగింది. ఎక్కడికని డ్రైవరు అడిగాడు. నేను ఆ మాట అప్పుడైనా అనాలనుకున్నాను, ఇంకో డాక్టరనో, ఇంకో ఆసుపత్రి అనో, ఏదో ఒకటి ఇంకోటి చూద్దామని. ఆయన నా వైపు మొహం తిప్పి ఎదురుచూస్తూనే ఉన్నాడు. నేను డ్రైవరుకు మా వీధి పేరు చెప్పి, ఆయన తలకు తగలకుండా ఆటో అంచు మీద చెయ్యి పెట్టి లోపల కూర్చోబెట్టాను.